పిండితో రాసిన పేరు

పక్కింటి కామాక్షి అన్నదని పై వాటాలో ఉండే మార్త టీచర్ మోసుకొచ్చిన మాట ఇది. తిరుమల్ వాళ్ళింట్లో ఎవరికో సంబంధం చూస్తున్నారట, ఒక్క పిల్లా నచ్చడం లేదట. కామాక్షి గోడకు ఇవతల బట్టలారేస్తూ తన చెవులతో విన్నదట. ఒకనాడు మరీ లావుగా ఉందన్నారట. మరునాడు ఇది బక్కది, దూరం నుంచి ఆనదన్నారట. ఇంకొకదానికి నెత్తి చిన్నగా ఉంది, కాళ్ళు కిందికి వేలాడుతున్నాయి అని తిరుమల్ స్వయంగా వంక పెట్టాడట. ఆ ఇంట్లో పెళ్ళీడు వాళ్ళెవరూ లేరు గదా, మరి పిల్లనెవరికి చూస్తున్నట్టు అని కామాక్షికి అన్నం సయించడం లేదట.

మెట్ల మీద నిలబడి తిరుమల్ భార్య సుకన్య అంతా విన్నది. చూస్తున్నది పిల్లను కాదు టీచర్, అక్షరాలను, అని చెప్పి నవ్వింది. మార్త టీచర్ కూడా నవ్వింది గానీ, అక్షరాలు చూడ్డానికి ఇన్ని రోజులెందుకో ఆమెకు అర్థమైనట్టు లేదు.

కాప్రాలో ఆ ఇంటి వంటగదిలోంచి సకినాలు బయటికి పోవడం మొదలై చాలా కాలమైంది. మొదట కాలనీలో తెలిసినవాళ్ళు పెళ్ళి సారెకని చేయించుకున్నారు. తర్వాత తిరుమల్ బేగంపేటలో తన ఆఫీసుకు డబ్బాలు మోశాడు. ఇప్పుడు మెయిన్ రోడ్డు మీద ఒక షట్టర్ కిరాయికి తీసుకున్నారు. షట్టర్ అన్నాక బోర్డు కావాలి, డబ్బా మీద స్టిక్కర్ కావాలి, రెంటి మీదా ఒకే తీరు అక్షరాలుండాలి. పేరు మాత్రం తిరుమల్ ముందే ఖాయం చేశాడు. లచ్చమ్మ సకినాలు. లచ్చమ్మ అతని తల్లి. పెద్దమనిషి పేరుంటేనే జనం నమ్ముతారని అతని లెక్క.

సుకన్యకు వేరే పేరొకటి మనసులో ఉంది. ఒకసారి డబ్బా మూత మీద స్కెచ్ పెన్నుతో 'సుకన్య సకినాలు' అని రాసుకొని, కాస్త దూరం పెట్టి చూసుకుంది. రెండు మాటలూ స-తోనే మొదలై చూడముచ్చటగానే ఉన్నాయి. అన్నం కాడ ఆ మాట కదిపితే, "సుకన్య అంటే చీరల దుకాణం లెక్కున్నది," అని తిరుమల్ పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. ఆమె మూత కడిగేసింది. స్కెచ్ పెన్ను మరక పూర్తిగా పోలేదు. ఆ మూతను ఓమ డబ్బాకు పెట్టుకుంది.

అక్షరాలు చూపించేవాడు యుగంధర్. తిరుమల్ ఆఫీసులో ఒకతని తమ్ముడు, ప్రకటనలు చేసే కంపెనీలో పని. సాయంత్రాలు వచ్చి ల్యాప్‌టాప్ తెరిచి ఒక్కొక్క ఫాంటులో లచ్చమ్మను రాసి చూపేవాడు. మొదటిది మెలికలు తిరిగి పెళ్ళిపత్రికలా ఉంది. రెండోది ఎర్రగా, బలిసి, ఓట్లడిగే ఫ్లెక్సీలా ఉంది. మూడోది బాగుంది బాగుంది అనుకుంటుండగానే, చౌరస్తాలో దండేసిన ఫొటో కింద 'శ్రద్ధాంజలి' అని రాసేది ఇదే గదా అని సుకన్య గుర్తు చేసింది. బతికున్న ముసలామె పేరు ఆ అక్షరాల్లోనా అని తిరుమల్ ల్యాప్‌టాప్ మూత దించేశాడు.

నాలుగోదాన్ని తిరుమల్ దాదాపు ఒప్పుకున్నాడు. సుకన్యే దాన్ని స్టిక్కరంత చిన్నగా ప్రింటు తీయించమంది. తీస్తే, లచ్చమ్మ పేరులో రెండు వత్తులుండటం వల్ల అవి కింద ఇరుక్కుని, సిరా నిండి నల్లటి ఉండలై కూర్చున్నాయి. సన్నటి అక్షరాలు తీసుకుంటే వత్తులు విడివిడిగా కనబడ్డాయి గానీ బోర్డు మీద బలం లేదు. ఇట్లా లావు సన్నాల మధ్య రోజులు గడిచాయి. లచ్చమ్మ గడప కాడ కూర్చుని నువ్వులు చెరుగుతూ ఉండేది. ఆమెకు చదువు రాదు కాబట్టి ఆమెనెవరూ ఏమీ అడగలేదు.

చివరికి యుగంధర్‌కే ఒక ఆలోచన తట్టింది. దొరికే ఫాంట్లన్నీ ఎవరో వాడినవే. సకినం చుట్టినట్టు పిండితోనే అక్షరాలు చుడితే? తెలుగక్షరం ఎట్లాగూ గుండ్రమే. పెద్దమ్మ తన చేత్తో తన పేరు చుడితే, అది ఫొటో తీసి అదే బోర్డు, అదే స్టిక్కర్. ఇంకెవరి దగ్గరా ఉండదు. తిరుమల్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. అతనికి చిన్నప్పటినుంచి గుర్తున్నది ఒకటే: పొయ్యి ముందు తల్లి, ఆమె చేతిలోంచి వేడివేడిగా తన చేతిలోకి వచ్చే సకినం.

ఆదివారం పొద్దున నేల మీద తెల్లబట్ట పరిచారు. సుకన్య బియ్యప్పిండిలో నువ్వులు, ఓమ వేసి తడిపింది. ఎప్పటిలా పిండిలో చిటికెడు తీసి గౌరమ్మను చేసి బట్ట మూలన పెట్టింది. అత్తకు చూపు ఆనడానికి పేరును బట్ట మీద పెన్సిల్‌తో పెద్దగా గీసింది. లచ్చమ్మ అలవాటు కొద్దీ పొయ్యి వైపు పోబోతే తిరుమల్ రెక్క పట్టి తెచ్చి బట్ట ముందు కూర్చోబెట్టాడు. చేతిలో పిండి పెట్టాడు. యుగంధర్ స్టూలెక్కి ఫోన్ పట్టుకున్నాడు.

పిండి మెలి పడలేదు. ఆమె వేళ్ళ మధ్య జారి ముక్కలు ముక్కలుగా రాలింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ తెగింది. లచ్చమ్మ తలెత్తి, నేను చెప్పేదేందంటే అని ఏదో అనబోయింది. నువ్వు పరేషాన్ గాకమ్మా, వయసు మీద పడ్డంక గట్లనే ఉంటది, అని తిరుమల్ ఆమె మాట పూర్తి కానివ్వలేదు. ఆమె చేతులు కడుక్కుని పొయ్యి దగ్గరికి పోయింది.

సుకన్య వచ్చి ఆ చోట కూర్చుంది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచీ చుట్టేది తాను, నూనెలో కాల్చేది అత్త. పెద్దరికం కొద్దీ అత్త పొయ్యి ముందు పీట ఎంచుకున్నదని ఆమె అనుకునేది. బొటనవేలికి, రెండు వేళ్ళకు మధ్య పిండిని నులుముతూ ల చుట్టింది, చ కింద వత్తు చుట్టింది, మ చుట్టింది. వత్తులకు చోటు విడిచి చుట్టింది. యుగంధర్ పైనుంచి చూసి, వదినా, మనం వెతికింది గిదే, అన్నాడు. తన చేత్తో తన పేరు కాదు, అత్త పేరు రాస్తున్నానని సుకన్యకు ఒక క్షణం అనిపించింది. అనిపించినా చెయ్యి ఆగలేదు.

బట్ట మీద వేసిన పిండిని వదిలేయరు. ఫొటోలయ్యాక ఆ అక్షరాలనూ కాల్చాల్సిందే. లచ్చమ్మ వాటిని పళ్ళెంతో మెల్లగా లేపి మూకుట్లో వేసి, జల్లిగంటెతో ఒక్కటీ విరక్కుండా తీసింది. యుగంధర్ మ తిన్నాడు. ఎవరి చెయ్యైతేంది, పేరు అమ్మదే గదా, అని తిరుమల్ తేల్చేశాడు. డబ్బా మీద పేరు కింద 'మా అమ్మ చేతి చుట్టు' అని వేయించమన్నాడు. సుకన్య బట్ట దులిపి మడత పెట్టింది.

నమూనా డబ్బా వచ్చిన రోజు కామాక్షి కూడా వచ్చింది, పెళ్ళికూతురు సంగతి తేల్చుకుందామని. అక్షరాలు చూసి ఆమె నిజంగానే ముచ్చటపడింది. తిరుమల్ డబ్బాను తల్లి ఒళ్ళో పెట్టి, మీద రాసింది చదివి వినిపించాడు.

"మీ చేతిలో ఎంత పనితనం ఉందండీ పెద్దమ్మగారూ," అన్నది కామాక్షి.

లచ్చమ్మ మెలికల మీద వేలు పెట్టి, ఆ చివరనుంచి ఈ చివరిదాకా నడిపించింది. తర్వాత డబ్బాను కొడుకు వైపు తోసింది.

"గిది నా చెయ్యి గాదు. నాకు సకినం సుట్టుడు ఎన్నడు రాలె, కాల్చుడే వచ్చు. అప్పట్ల సుట్టింది మా తోటికోడలు, ఇప్పుడు సుట్టేది నా కోడలు. ఇన్నొద్దులు లావని సన్నమని కొట్లాడిండ్రు గదరా, పేరు ఎవ్వలిది పెట్టాల్నని ఒక్కలన్న అడిగిండ్రా?"