కాడ కింద తిత్తి

ఆ కళ్ళద్దాల షాపులో రోజంతా ఉండేది ఇద్దరే. ముందు గదిలో గాజుబల్ల వెనక మరిది కూర్చుని ఫ్రేములు చూపిస్తాడు, వచ్చినవాళ్ళతో కబుర్లాడతాడు. వెనక గదిలో వదిన అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. అంచులో వెంట్రుకవాసి తేడా ఉన్నా ఆవిడ కంటికి దొరికిపోతుంది. అందుకే మరిది ఆవిడకి భూతద్దం అని పేరు పెట్టాడు.

మెషిను ఒక అద్దాన్ని అరగదీసే నాలుగైదు నిమిషాలూ ఆవిడ చేతులు ఖాళీ. ఆ ఖాళీలోనే ఫోను తెరిచి వెబ్‌సైట్లు వెతికేది. రోడ్ల మీద జారిపడిన ఒంటి చేతితొడుగులకి ఫొటోలు తీసి పెట్టేవాళ్ళ సైటు ఒకటి దొరికింది. పాత యంత్రాల చప్పుళ్ళు దాచిపెట్టే సైటు ఇంకొకటి. అచ్చుయంత్రం చప్పుడు వినిపిస్తుంటే ముందు గదిలోంచి మరిది అరిచేవాడు: "వదినా, ఇవాళ ఏ లోకంలో ఉన్నావ్?"

రెండేళ్ళ కిందట పుట్టగొడుగుల సైటు దొరికింది. ఎక్కడెక్కడి వాళ్ళో తమకి కనిపించినవాటి ఫొటో పెట్టి ఇదేమిటని అడుగుతారు, తెలిసినవాళ్ళు చెప్తారు. మొదట్లో ఊరికే చూసేది. తరవాత పుస్తకాలు కొని చదివింది, ఆదివారాలు చెట్లలో పడి తిరిగింది. ఏడాది తిరిగేసరికి అక్కడి పాత కాపులు కూడా ఆవిడ జవాబు కోసం చూడటం మొదలుపెట్టారు. ఒక్క నియమం మాత్రం ఎప్పుడూ తప్పలేదు. ఫొటో చూసి తినొచ్చు అని ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు పదకొండూ ఇరవై ఏడుకి మెషిన్లో అద్దం పెట్టి సైటు తెరిచింది. అరగంట కిందటి ప్రశ్న ఒకటి పైనే ఉంది. అడిగినావిడ పేరు 'మూడోకిటికీ'. ఫొటోలో నీలం గీత అంచున్న గిన్నె నిండా తెల్లటి పుట్టగొడుగులు, కడిగి పెట్టినవి. "మా పెరట్లో చెట్టు కింద దొరికాయి. అంగట్లో దొరికేవే అంటున్నారు మా అత్తగారు. పిల్లలు పన్నెండున్నరకి భోజనానికి వస్తారు, ఈలోపు వండేస్తాం. తినొచ్చా?"

వదిన ఫొటోని వేళ్ళతో పెద్దది చేసింది. గొడుగు అడుగున రేకులు తెల్లగా ఉన్నాయి. కాడకి పైన పల్చని ఉంగరం. గిన్నె అంచున ఒకదాన్ని మట్టితో సహా వదిలేశారు. దాని కాడ మొదట్లో పగిలిన గుడ్డు పెంకులాంటి తిత్తి.

ఆ జాతిది ఒక్కటి చాలు, మనిషి ప్రాణం తీయడానికి.

ప్రశ్న కింద అప్పటికే ఒక జవాబు ఉంది. 'అడవిబిడ్డ' అనేవాడెవడో రాశాడు: "మంచివే. అనుమానముంటే బాగా ఉడికించండి, విషం గిషం ఏమున్నా పోతుంది." దాని కింద మూడోకిటికీ "థాంక్సండీ" అని రాసి వెళ్ళిపోయింది.

"ఉడికించినా పోదు. తినకండి. వెంటనే జవాబివ్వండి," అని వదిన రాసింది. మూడోకిటికీకి విడిగా మెసేజ్ పెట్టింది. సైటు నడిపేవాళ్ళకి రాసింది. ఎక్కడా ఉలుకూ పలుకూ లేదు.

మెషిను ఆగి కూత పెట్టింది. ఆవిడ కదల్లేదు. మరిది తొంగి చూశాడు.

"ఏమైంది వదినా? మొహమేంటి అలా అయిపోయింది?"

చెప్పింది. అతను గోడ గడియారం వంక చూశాడు. పదకొండూ ముప్పై రెండు.

"ఎక్కడుంటారో తెలీదు, ఎవరో తెలీదు. నువ్వు చెప్పాల్సింది చెప్పావు. ఇంకేం చేస్తావ్?"

"వెతుకుతా."

మూడోకిటికీ అన్న పేరుని వదిన వేరే సైట్లలో వెతికింది. పాత సామాన్ల సైటులో ఒకరున్నారు, ఆయన మీసాలాయన. పాటల సైటులో ఇంకొకరు, ఏడేళ్ళుగా ఏమీ రాయలేదు. అల్లికల సైటులో మూడో మనిషి దొరికింది. అక్కడ "మా పెరట్లో ఆరేసిన స్వెట్టరు" అని ఒక ఫొటో. తీగ మీద స్వెట్టరు, వెనక ఒక చెట్టు, అరుగు మీద గిన్నె. గిన్నె అంచున నీలం గీత.

"అదే గిన్నె," అంది వదిన.

"అలాంటి గిన్నెలు లక్ష ఉంటాయి."

"గీత ఒకచోట చెరిగింది చూడు. రెండింట్లోనూ అక్కడే."

మరిది పక్కన స్టూలు లాక్కున్నాడు.

అదే సైటులో ఇంకో ఫొటో. ఎర్ర చేప అల్లిన స్వెట్టరు తొడుక్కున్న పాప, వెనక్కి తిరిగి, ఆకుపచ్చ గేటు ముందు నిలబడింది. గేటు మీద స్కూలు పేరు. ఆ పేరుతో మూడు స్కూళ్ళు కనిపించాయి. రెండింటి గేట్లు వేరు. మూడోదాని గేటు ఆకుపచ్చ. ఫోన్ నంబరు కూడా ఉంది.

మరిది మెల్లగా అన్నాడు: "వదినా, ఇదేదో ఒకళ్ళ ఇంట్లోకి దొడ్డిదారిన దూరినట్టుంది."

"దూరుతున్నాను. తెలుసు," అంటూనే నంబరు నొక్కింది. పన్నెండుకి మూడు నిమిషాలు.

ఆరోసారి మోగాక స్కూలు ఆఫీసు క్లర్కు ఎత్తింది. గొంతు ఇనప బీరువాలా ఉంది.

"పాప పేరు?"

"తెలీదండి. ఎర్ర చేప స్వెట్టరు వేసుకుంటుంది."

"మీరామెకి ఏమవుతారు?"

"ఏమీ కానండి. నేను కళ్ళద్దాలు చేస్తాను."

"ఇలాంటి ఫోన్లకి పిల్లల వివరాలు ఇవ్వం," అంది క్లర్కు.

"నాకు వద్దండి. పేరొద్దు, నంబరొద్దు. మీరే వాళ్ళమ్మకి ఫోన్ చేసి పుట్టగొడుగులు ముట్టొద్దని చెప్పండి. నేను అబద్ధమాడినా వాళ్ళకి పోయేదేముంది, ఒక పూట కూర! నిజమైతే మాత్రం..."

"మీ నంబరు చెప్పండి," అని రాసుకుని క్లర్కు ఫోన్ పెట్టేసింది.

ఇరవై నిమిషాలు గడిచాయి. ఎవరో అమ్మాయి వచ్చి ఫ్రేములు చూపించమంది. మరిది ఏది చూపిస్తున్నాడో అతనికే తెలియలేదు. ఫోన్ మోగింది. క్లర్కే.

"ఎంత మోగినా ఎత్తట్లేదు. పిల్లలు ఇప్పుడే బయల్దేరారు. ఇల్లు రెండు వీధుల అవతలే. నేనే వెళ్తున్నా."

పన్నెండున్నర అయింది. దాటింది. మరిది ముందు గది తలుపు మీద 'మూసి ఉంది' అట్ట తిప్పి వచ్చి నించున్నాడు.

పన్నెండూ ముప్పై ఆరుకి ఫోను. క్లర్కు ఆయాసపడుతోంది.

"పిల్లలు కంచాల ముందు కూర్చున్నారమ్మా. ముద్ద నోట్లో పెట్టకుండా ఆపాను."

వదిన కళ్ళు మూసుకుంది.

"కానీ పెద్దావిడ ఉప్పు సరిపోయిందో లేదో అని రుచి చూసిందట. మూడు ముక్కలు. నాకేం కాలేదంటోంది, కదలనంటోంది. మీరే మాట్లాడండి."

కొత్త గొంతు వచ్చింది, కోపంగా. "ఎవరమ్మా నువ్వు? నా వంటకి వంక పెట్టడానికి? నేను రాయిలా ఉన్నా!"

"అదేనండి దీని మోసం. సాయంత్రం దాకా, ఒక్కోసారి రాత్రి దాకా రాయిలానే ఉంటారు. తెలిసేసరికి లోపల కాలేయం పాడైపోతుంది. అప్పుడు డాక్టర్లకి చేతిలో ఏమీ మిగలదు. ఇప్పుడే వెళ్ళాలి."

"నీ మాట నేనెందుకు వినాలి?"

"నేను తప్పయితే రేపు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టండి, పడతాను. నేను చెప్పింది నిజమైతే, వెళ్ళకపోతే, తిట్టడానికి మీరుండరు."

అవతల ఎవరో ఏడుస్తున్నారు, కోడలు కాబోలు. చాలాసేపటికి పెద్దావిడ గొంతు దూరంగా వినిపించింది: "ఏడుపాపి నా చెప్పులెక్కడున్నాయో చూడవే."

ఆసుపత్రికి కూరా, మట్టితో ఉన్న ఆ ఒక్క పుట్టగొడుగూ పట్టుకెళ్ళమని వదిన చెప్పింది. డాక్టరు దాన్ని చూసి మారుమాట్లాడకుండా చేర్చుకున్నాడట. రాత్రి తొమ్మిదింటికి వాంతులు మొదలయ్యాయి. మర్నాడు కాస్త తేరుకుంది, కానీ రక్తపరీక్షలు బాగాలేవు. మూడో రోజు ఇంకా దిగజారాయి. ఈ కబుర్లన్నీ క్లర్కే ఫోన్ చేసి చెప్పేది. మూడో రోజు వదిన ఒకాయన కుడికంటి అద్దాన్ని ఎడమవైపు బిగించింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ జరగని పొరపాటు. మరిది చూసి, వేళాకోళం చేయకుండా, తనే విప్పి మార్చాడు.

అయిదో రోజు రక్తపరీక్షల లెక్కలు మెరుగుపడ్డాయి. పదకొండో రోజు పెద్దావిడ ఇల్లు చేరింది. 'అడవిబిడ్డ' జవాబు ఎప్పుడు పోయిందో, సైటులో లేదు. అతనూ లేడు.

కోడలి నుంచి మెసేజ్ వచ్చింది ఆ తరవాతే. కృతజ్ఞతలు చాలా రాసింది. చివర్లో ఒక ప్రశ్న: "మీరు మా ఇంటిదాకా ఎలా వచ్చారు? అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు."

వదిన దాన్ని చాలాసార్లు చదివింది. తరవాత దాచకుండా అంతా రాసింది. పేరు, గిన్నె గీత, స్వెట్టరు, గేటు. ఏది ఎక్కడ దొరికిందో, దేని తరవాత ఏది పట్టుకుందో. "మంచి పనికే చేశాను. కానీ నాకు ఇరవై అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఇంకొకళ్ళకీ అంతే పడుతుంది. అదీ మీకు తెలియాలి," అని ముగించింది.

ఆ మధ్యాహ్నం మెషిను తిరుగుతుంటే అల్లికల సైటు తెరిచి చూసింది. గేటు ముందు పాప ఫొటో లేదు. కాసేపటికి పెరటి ఫొటో కూడా పోయింది. మూడింటికల్లా మూడోకిటికీ అన్న పేరే లేదు.