చంద్రమ్మ పేరు మీది లారీ

"వేలు గట్టిగ తోముకో. పప్పుల సిరా వాసనొస్తె వాడు తినడు."

తాలూకా కచేరీలో వేలిముద్ర వేసి వచ్చిన ప్రతిసారీ అత్త ఎల్లమ్మ అనే మాట ఇదే. చంద్రమ్మ బూడిదతో బొటనవేలు తోముకుని పొయ్యి దగ్గర కూర్చునేది. సూర్యాపేటలో ఒక లారీ యజమానురాలికి దక్కిన మర్యాద అంతే. అవును, లారీ ఆమెదే. రజాకార్ల బండ్లకు పెట్రోలు మోసినవాళ్ల జాబితాలో భర్త జనార్దన్ పేరుంది. పోలీసు యాక్షన్ తర్వాత వచ్చిన సర్కారు ఆ పేరు మీద పర్మిటు ఇస్తుందా? అందుకని నలభై తొమ్మిది వేసవిలో లారీ రిజిస్ట్రీ, పెట్రోలు మోసే పర్మిటు రెండూ పెళ్లాం పేరు మీదికి ఎక్కించాడు. పన్నెండేళ్ల కాపురంలో ఆమె పేరున అతను చేసింది అదొక్కటే.

పర్మిటు నెలనెలా కొత్తది తీసుకోవాలి. చదువురాని మనిషి చేత వేలిముద్ర వేయించే ముందు కాగితం చదివి వినిపించాలని అక్కడి పద్ధతి. గుమాస్తా లక్ష్మీనర్సయ్య ఉర్దూ చూసి తెలుగులో చెప్పేవాడు. కారే డ్రమ్ము ఎక్కించరాదు, సరుకున్న లారీ దగ్గర నిప్పు వెలిగించరాదు, డ్రమ్ముల మీద మనుషుల్ని కూర్చోబెట్టరాదు, ఏం జరిగినా యజమానే జవాబు చెప్పాలి. జనార్దన్ అంతసేపూ బయట బీడీ కాల్చుకునేవాడు. చంద్రమ్మ వినేది. ఒక మనిషి తిట్టకుండా తనతో అంతసేపు మాట్లాడి ఎన్నేళ్లయిందో. అక్షరం పొల్లుపోకుండా ఆ మాటలన్నీ ఆమెకు నోటికొచ్చాయి.

ఆ శుక్రవారం పొద్దున కోదాడ నుంచి నిండు డ్రమ్ములతో వచ్చిన లారీ, మిర్యాలగూడ పోయే ముందు ఇంటి ముందర ఆగింది. కొత్త టైరు వేశారు. కొత్త టైరుకు కొబ్బరికాయ కొట్టి, ఇంజను నడుస్తుండగా కర్పూరం వెలిగించందే జనార్దన్ బండి కదలనివ్వడు.

డ్రైవరు దేవదాసు మెల్లగా అన్నాడు. "అయ్యా, వెనక డ్రమ్ము కారతా ఉందండి. సరుకు దించినాక వెలిగిద్దాం."

"నీ ఏసు చెప్పిండా? ఎక్కి కూసో."

చంద్రమ్మ గడప దాటి వచ్చింది. "నిప్పు పెట్టొద్దని కాగితంల ఉన్నది. నేను యిన్న."

జనార్దన్ చేతిలో ఉన్న కొబ్బరికాయతోనే ఆమె నోటి మీద కొట్టాడు. పన్ను విరిగింది. రక్తమంటిన ఆ కాయనే లారీ ముందు పగలగొట్టి, కర్పూరం వెలిగించి, లారీ చుట్టూ తిప్పాడు. వెనక్కి వెళ్లాడో లేదో నేల మీద కారిన పెట్రోలు గుప్పున అంటుకుంది. హారతి పళ్లెం విసిరేసి అతను పరిగెత్తాడు. మంట క్యాబిను ఎక్కింది. చంద్రమ్మ తలుపు లాగి దేవదాసు చేయి పట్టుకుంది. చర్మం ఆమె చేతిలోకి ఊడి వచ్చింది. చంకల కింద చేతులేసి ఈడ్చుకొచ్చింది. వెనక డ్రమ్ములు ఒకటొకటిగా పేలుతుంటే ఇంటి ముందు పందిరి కూలిపోయింది. రెండు రోజులు దవాఖానలో నీళ్లు నీళ్లని అరిచి దేవదాసు చనిపోయాడు.

మూడోనాడు జనార్దన్ తలుపు గడియ పెట్టి బెల్టు తీశాడు. "పోలీసు అమీను వస్తడు. హారతి నేనే ఇచ్చిన అని చెప్పు. లారీ నీది. ఆడదాన్ని రెండు దినాలు కూసోబెట్టి ఇడుస్తరు. నన్నయితే పాత కేసులన్నీ తవ్వుతరు." ఒక్కో మాటకూ ఒక్కో దెబ్బ. ఎల్లమ్మ గోడవతల నుంచి "ఒప్పుకో బిడ్డా" అంది. పన్నెండేళ్లలో మొదటిసారి బిడ్డ అయింది చంద్రమ్మ. మొన్నటిదాకా ఈ గడపలో నీదంటూ పుల్లముక్క లేదన్న మనిషి, ఇప్పుడు లారీ నీదే నీదే అని కొట్టి మరీ ఒప్పిస్తున్నాడు. ఆస్తి అప్పుడు అతనిది, శవం ఇప్పుడు ఆమెది. దేవదాసు అరుపులు చెవుల్లో ఇంకా ఆగలేదు. నొప్పి ఉంది, భయమూ ఉంది, వాటిని మించి ఒళ్లంతా కోపం ఉంది. అది ఇన్నాళ్లూ ఎక్కడుందో ఆమెకే తెలియదు. ఇగ సాలు అనుకుంది. పైకి మాత్రం "సరే, లారీ నాదే" అంది. బెల్టు ఆగింది.

పొద్దెక్కాక అమీను వచ్చాడు, వెంట రిజిస్టరుతో లక్ష్మీనర్సయ్య. వాడకట్టంతా గుమిగూడింది. జనార్దన్ చేతులు కట్టుకుని, "నాకేం సంబంధం లేదు సాబ్. మాలికిన్ ఆమె. నేను ఆమె హుకుం మీద పనిజేసేటోణ్ని," అన్నాడు.

"నిజమేనా?" అన్నాడు అమీను.

"నిజమే," అంది చంద్రమ్మ. "లారీ నాది. ఈయన నా లారీ మీద పనిజేస్తడు. నిప్పు పెట్టొద్దని నేను హుకుం ఇచ్చిన. యినలే. నా డ్రైవర్ను సంపిండు."

జనార్దన్ అడుగు ముందుకేశాడు. అమీను వెంట వచ్చిన జవాను అతని రొమ్ము మీద చేయి పెట్టి ఆపాడు.

"ప్రతి నెలా నేనే చదివి వినిపించిన సాబ్," అన్నాడు లక్ష్మీనర్సయ్య తల వంచుకుని. "ఆమెకు అన్నీ ఎరికే."

అమీను కలం తీశాడు. "నిప్పు పెట్టినోని పేరు?"

అందరూ ఎల్లమ్మ వైపు చూశారు. మొగుడి పేరు పెళ్లాం పలకదు, అత్తో ఆడబిడ్డో చెప్పాలి. పలికితే మొగుడి ఆయుష్షు తగ్గుతుందని అంటారు. ఎల్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

చంద్రమ్మ అతని కళ్లలోకి చూసింది.

"జనార్దన్," అంది. "రాసుకోండ్రి."