స్పేస్ బార్ మీద వేలు

సామర్లకోటలో బట్టల కొట్టు నడిపే సుమంత్‌కి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. కాలక్షేపంగా ఉంటుందని మేనకోడలు సాయిప్రసన్న పాత విమానాల గేమ్‌ని ఫోన్లో ఎక్కించి ఇచ్చింది.

"ఇదేం ఆటమ్మా, అద్దం మీద వేలు రుద్దడం! మీటలు టకటకలాడాలి," అన్నాడతను.

"ఈ రోజుల్లో మీటలెవరికి కావాలి మావయ్యా? ఫోనే నయం," అని వాదించిందా అమ్మాయి.

సుమంత్ అక్క ప్రసన్నలక్ష్మి మాత్రం అటక మీది కంప్యూటర్ దింపించి బాగుచేయించింది. చిన్నప్పుడు అక్కాతమ్ముళ్లిద్దరూ ఒకే కీబోర్డు మీద ఆ గేమే ఆడేవారు. విమానం తిప్పడం ఆమె పని. స్పేస్ బార్ నొక్కి తూటాలు పేల్చడం అతని పని.

గేమ్ మొదలవగానే సుమంత్ ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి స్పేస్ బార్ మీద పెట్టుకున్నాడు.

"ఎడమచేత్తో కొట్టరా," అందామె.

"వద్దక్కా. ఈ చేత్తోనే కొడతాను."

శత్రువుల విమానాలు మీదికొచ్చాయి. వేలు కదల్లేదు. వీళ్ల విమానం కూలిపోయింది. మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ కూలింది. తమ్ముడి నుదుటి మీద చెమట చూసి ఆమె తట్టుకోలేకపోయింది. అతను తెర వంకే చూస్తుంటే, చిటికెనవేలితో స్పేస్ బార్ చివర మెల్లగా నొక్కింది. ఎదుటి విమానం పేలిపోయింది.

"అక్కా! కదిలింది, చూశావా? నా వేలు కదిలింది!" అని అరిచాడు సుమంత్. "డాక్టరు గారికి ఫోన్ చెయ్యి. రేపే వస్తున్నామని చెప్పు."

తెర మీదికి శత్రు విమానాల గుంపు ఇంకోటి వస్తోంది. ఏం చెయ్యాలో తోచక ప్రసన్నలక్ష్మి మళ్లీ చిటికెనవేలు చాపింది.