సీసాలోకి దిగిన సున్నం

అత్తగారి తుంటి విరిగితే డాక్టర్లు కొత్త కీలు వేశారు. తీసేసిన ఎముకను కోడలు అడిగి తెచ్చుకుంది. బయటివాళ్లు వింటే ముక్కున వేలేసుకుంటారు గానీ, ఎముకలను కొలవడమే ఆమె ఉద్యోగం. ఆపరేషన్‌కు ముందు అత్తగారే కాగితం మీద సంతకం పెట్టి, "ఎలాగూ పారేసేదేగా, నీకన్నా పనికొస్తుంది" అన్నారు.

కోడలి కూతుర్ని మూడేళ్లు మోసింది ఆ తుంటే. కోడలు పరీక్షలకు చదువుకుంటుంటే, ఏడుపు వినబడకుండా అత్తగారు పిల్లను వీధి చివరిదాకా ఎత్తుకుని తిరిగేవారు. చదువు, ఉద్యోగం, ఒంటి మీది తెల్లకోటు అన్నీ ఆ తుంటి చలవే.

ఎండబెట్టిన ఎముక పొడిని కొలిమిలో పెడితే కొల్లాజెన్ అనే మాంసకృత్తు కాలిపోయి, కాల్షియం, ఫాస్ఫేటు బూడిదగా మిగులుతాయి. నూటికి అరవై అయిదు పాళ్లయినా మిగలాలి. అత్తగారిది నలభై ఎనిమిది. కోడలికి అది బోలు ఎముకల జబ్బని తెలుసు, కానీ మరీ ఇంతా? రెండో తుంటి కూడా ఇలాగే ఉంటే?

రోజూ నడిపించమన్న డాక్టర్ మాటను ఆమె పక్కన పెట్టేసింది.

"మంచం దిగొద్దత్తయ్యా. మీ ఎముకలో ఏముందో ఆయన చూడలేదు, నేను చూశాను."

"చూస్తే చూశావు గానీ, ఇలా పడుకోబెడితే నడవడమే మర్చిపోతానమ్మాయ్" అన్నారు అత్తగారు. కోడలి కళ్లల్లో నీళ్లు చూసి మళ్లీ దిండు మీద వాలారు.

పది రోజులకే ఆవిడ పిక్కలు సన్నబడ్డాయి.

కోడలు పనిచేసే ల్యాబ్‌కు పెద్దదిక్కు లిట్మస్ మాస్టారు. జేబులో ఆమ్లాన్ని పట్టిచ్చే ఆ కాగితాలు లేనిదే గడప దాటరు. కోడలి లెక్క చూశాక ఆయన ఎముక మాటే ఎత్తలేదు.

"ఏ సీసాలో పెట్టావమ్మా?"

"హడావుడిలో వెనక అరలోది పట్టుకెళ్లాను మాస్టారూ. పాత ఫార్మలిన్."

శాంపిళ్లు చెడిపోకుండా ఉంచే ఆ ద్రావణంలో ఆయన నీలం కాగితం ముంచారు. ఎర్రబడింది. పాతబడ్డ ఫార్మలిన్ ఆమ్లంగా మారి ఎముకలోని సున్నాన్ని లాగేస్తుందని కొత్తవాళ్లకు ఏటా చెప్పేది కోడలే. ద్రావణాన్ని పరీక్షిస్తే, ఎముకలో తగ్గిన కాల్షియం అందులో దొరికింది.

ఎందుకైనా మంచిదని ఫ్రీజర్‌లో దాచిన ముక్క ఇంకొకటుంది. అది ఆ సీసా మొహం చూడలేదు. దాన్ని కాలిస్తే అరవై మూడు వచ్చింది. జబ్బు అబద్ధం కాదు. ఎముక లోపలి గోడలు పలచబడ్డాయి, కొన్ని కూలిపోయాయి కూడా. మిగిలిన గోడల్లో మాత్రం సున్నం దాదాపు ఉండాల్సినంతే ఉంది. ఆమె బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది, సిగ్గుతో కొంత, సంతోషంతో ఎక్కువ. మాస్టారికి రెండు చేతులూ జోడించింది.

ఇంటికొచ్చి అత్తగారి కాళ్ల దగ్గర కూర్చుంది.

"తప్పు మీ ఎముకది కాదత్తయ్యా, నా సీసాది. మిమ్మల్ని అన్యాయంగా మంచానికి కట్టిపడేశాను."

"తిడదామనే ఉంది" అన్నారు అత్తగారు. "కానీ నా ఎముక కోసం ఇంతలా ఏడ్చేవాళ్లు నాకింకెవరున్నారు? ముందు నన్ను లేపు."

వాకర్ పట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ ఆవిడ గుమ్మం దాకా వచ్చి ఆగారు. కోడలు నడుం చుట్టూ చెయ్యి వేసింది.

"నా కూతుర్ని మూడేళ్లు మోశారు. నన్నీ కాస్తా పట్టుకోనివ్వండి."

అత్తగారు ఆయాసపడుతూనే వీధిలోకి చూశారు.

"నేను మోసింది వీధి చివరిదాకా. నువ్వు గుమ్మంతో సరిపెట్టేస్తావా?"