వెలగని ఎర్రలైటు

ఆలస్యం అమృతం విషమని పెద్దలు ఊరికే అనలేదు. ఆదోని పత్తిమిల్లులో అయితే ఆలస్యానికి వేళ్ళే పోతాయి. తిరిగే రోలర్ల దగ్గర దూది ఇరుక్కుంటే ఆడవాళ్ళు చేత్తోనే లాగేస్తారు. మిషను ఆపి లాగమని చెప్పేది మేస్త్రీ, ఆపితే అరిచేదీ ఆయనే.

ఆ మేస్త్రీని నమ్ముకుంటే లాభం లేదని, బస్టాండు వెనక టీవీల సర్క్యూట్ బోర్డులు రిపేరు చేసుకుని బతికే ఆమిర్ ఒక చిన్న పెట్టె తయారుచేసి మిషనుకు బిగించాడు. పెట్టె మధ్యలో గుండ్రటి గాజుకన్ను. దానికి చేతి వేడి సోకితే మిషను ఆగాలి. ఆగింది కూడా, కాకపోతే ఒక్క లిప్త ఆలస్యంగా. కోసిగి నుంచి పనికొచ్చిన మద్దమ్మ గాజులు నలిగి పొడయ్యాక ఆగింది. చెయ్యి దక్కింది, అంతే.

"ఇంగ రోంత ముందర ఆగేటట్టు సెయ్యప్పా ఆమిరూ. ఈ సెయ్యి పోతే నాకు గంజి ఎవురు పోస్తారు?" అని మద్దమ్మ నవ్వింది. ఆమిర్‌కు నవ్వు రాలేదు.

లోపం ఎక్కడుందో అతనికి తెలుసు. కరెంటు పోయినా పనిచెయ్యాలని పెట్టెను బ్యాటరీ మీద నడిపాడు. బ్యాటరీ అయిపోకూడదని అందులోని చిప్పు కునుకు తీస్తూ ఉంటుంది. వేడి సోకినప్పుడు లేచి, ఏం చెయ్యాలో పెద్ద మెమరీలో వెతుక్కుంటుంది. ఆ పెద్ద మెమరీ ఒట్టి నిద్రమొహంది. అది లేచేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. పొయ్యి మీద కూర పెట్టి ఉప్పు కోసం కొట్టుకు పరిగెత్తినట్టు. చిప్పు పక్కనే ఇంకో చిన్న మెమరీ ఉంది, చెయ్యి చాస్తే అందుతుంది. మిషను ఆపే ఆదేశాలన్నీ అందులోకి మార్చాడు. కానీ అది పిడికెడు, అన్నీ పట్టలేదు.

పట్టనిది ఒకటే. గాజుకన్ను మూసుకుపోయిందేమో చూసి, ఎర్రలైటు వెలిగించే పరీక్ష. దాన్ని పెద్ద మెమరీలో ఉంచితే చూసినప్పుడల్లా ఆ మెమరీని లేపాలి. మళ్ళీ అదే జాప్యం, బ్యాటరీకీ చేటు. దుమ్ము రోజూ పొద్దున నేనే తుడుస్తాలే అనుకుని ఆ పరీక్షను తీసిపారేశాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత సంగతి అనిపించలేదు.

వేడినీళ్ళు నింపిన రబ్బరు గ్లౌజును రోలర్ల వైపు తోసి చూశాడు. అది తగలకముందే మిషను ఠక్కున ఆగింది. మద్దమ్మ అతని తల నిమిరి, "నా సెయ్యి కాపాడినావు నాయనా" అంది.

ఆ శుక్రవారం ఆమిర్‌కు ఎమ్మిగనూరులో పని పడింది. ఒక్కరోజు తుడవకపోతే కొంపలేమీ మునగవనుకుని పోయాడు. మద్దమ్మ తలస్నానం చేసి వచ్చి, తనను కాపాడే పెట్టెకు పసుపు పూసి బొట్టు పెట్టింది. బొట్టు ఎక్కడ పెడతారు? నట్టనడుమే కదా. పెట్టెకు నట్టనడుమ ఉన్నది గాజుకన్ను. ఆమె దండం పెట్టుకుని, ఎప్పుడూ లేనంత ధైర్యంగా దూదిలో చెయ్యి పెట్టింది.

ఫోను రాగానే పరిగెత్తుకొచ్చిన ఆమిర్, మిల్లులో ఆ పెట్టెను చూశాకే ఆసుపత్రికి వెళ్ళాడు. మద్దమ్మ కుడిచేతికి కట్టు. కట్టు కింద వేళ్ళు లేవు.

"శుక్రారమని బొట్టు పెట్టినా నాయనా. అయినా ఆగల్యా. నేనేం తప్పు సేసినానో ఏమో" అంది మద్దమ్మ.

తల ఊపి ఊరుకోవచ్చు. తప్పంతా బొట్టుదేనని మేస్త్రీ అప్పటికే అందరికీ చెబుతున్నాడు. ఆమిర్ మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు.

"నీ తప్పు కాదక్కా. కన్ను మూసుకుంటే ఎర్రలైటు ఎలగాల. మిషను బిరీన ఆగాలని ఆ లైటు ఎలగకుండా నేనే తీసేసినా."

మద్దమ్మ కట్టు వైపు చూసుకుంది.

"ఎర్రలైటా?" అంది. "అది ఎలిగింటే నేను సెయ్యి పెడుతుంటినా అప్పా?"