మూడో పట్టీ

నేను సైన్యంలో నాయక్‌గానే రిటైరయ్యాను, దానికి కారణం నా భార్య తాయారు. ఈ మాట అనుకుంటూనే పరేడ్ మైదానంలో నడుస్తున్నాను. కాళ్ల కింద ఎర్రమట్టి ఉన్నట్టుండి మెత్తబడి మా వంటింటి అలికిన నేల అవుతోంది, మళ్లీ మైదానమవుతోంది, దూరంగా జెండా కర్రకి ఆమె చీరలు ఆరేసి ఉన్నాయి, ఎవరూ తప్పు పట్టడం లేదు.

ఆ చీరల మధ్య నుంచి తాయారు వస్తోంది. ఆమె పోయి రెండేళ్లయిందని నాకు తెలుసు, అయినా ఆశ్చర్యం లేదు. ఎప్పటి నేత చీరే, కాని భుజాల మీద రెండేసి నక్షత్రాలు, వాటితో ఎరుపు పసుపు చారల రిబ్బను. అంటే సుబేదార్, నాకంటే చాలా పై ర్యాంకు. గేటు దగ్గర సిపాయి సెల్యూట్ కొడుతుంటే, అన్నం తిన్నావా అని వాణ్ణి అడుగుతోంది.

"ఎవరిచ్చారే నీకివి?" అంటున్నాను.

"నేనే కుట్టుకున్నానండి. ఇక్కడ ఆర్డరు కోసం ఎవరూ ఆగరు."

అప్పుడూ ఆమె ఆగలేదు. నాయక్ పైమెట్టు హవల్దార్, ఆ పరీక్ష పాసై సెలవుకి వచ్చాను, ఆర్డరు నెలలో వస్తుందన్నారు. నేను కొని పెట్టెలో దాచుకున్న మూడు పట్టీల హవల్దార్ గుర్తు తీసి, నేను ఊళ్లోకి వెళ్లినప్పుడు, చొక్కా చేతికున్న రెండు పట్టీలు విప్పేసి దాన్ని కుట్టింది. మడిచి పెట్టె అడుగున పెట్టింది. చెప్పలేదు, చూసుకుని మురిసిపోతాననుకుంది. యూనిట్‌కి చేరాక చీకటితో లేచి ఆ చొక్కానే తొడుక్కుని వరసలో నిలబడ్డాను. వెలుగొచ్చేసరికి కంపెనీ అంతా నా చేతినే చూస్తోంది. ఇవ్వని ర్యాంకు తగిలించుకున్నానని ప్రమోషన్ లిస్టులోంచి నా పేరు తీసేశారు. నా వెనక చేరినవాళ్లు నన్ను దాటిపోయారు. మా ఇంటికొచ్చిన ప్రతివాడికీ, ఆమె కాఫీ గ్లాసు అందిస్తుండగానే, ఈ సంగతి చెప్పాను.

మైదానం మళ్లీ వంటిల్లయింది. ఆమె పీట మీద కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తోంది, ఆ దారం నా చొక్కా చేతిలోంచే ఊడి వస్తోంది, ఎంతకీ తెగడం లేదు.

"ఆ పట్టీ కొన్నది మీరేగా?" అంటోంది.

"కొనడం వేరు. కుట్టడం వేరు."

"అబ్బో, నాయక్ గారి రూల్సు." నవ్వుతోంది. తర్వాత నవ్వడం లేదు. "ఒక్కటి అడుగుతానండి. అది నలుగురిలో చెప్పడం మానెయ్యండి. నా పదకొండో రోజు భోజనాల్లో కూడా చెప్పారు, వడ్డించేవాళ్లు నవ్వారు. బతికుంటే వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. ఆ రోజు ఎక్కడికి వెళ్లను?"

జవాబు నా దగ్గర సిద్ధంగానే ఉంది, ఎప్పుడూ ఉంటుంది. ఆర్డరు లేని నక్షత్రాలకి నేను సెల్యూట్ కొట్టనని చెబుతున్నాను.

"కొట్టొద్దులెండి. నేనడిగింది అది కాదుగా."

దారం పంటితో కొరికి లేచింది. గోడలు చీరలైపోయి గాలికి ఊగుతున్నాయి, ఆమె వాటిలోంచి నడుచుకుంటూ పోతోంది, ఎక్కడో బ్యూగిల్ మోగుతోంది. నేను నిటారుగా నిలబడుతున్నాను. బ్యూగిల్ మోగితే ఎవడైనా నిలబడతాడు.

మెలకువ వచ్చేసరికి తెల్లవారింది. పక్కింట్లో గిన్నెలు తోముతున్నారు. మంచం మీద వెల్లకిలా ఉన్నాను. కుడి చెయ్యి తిమ్మిరెక్కి కదలడం లేదు. మోచెయ్యి మడిచి ఉంది, వేళ్లు కలిసి ఉన్నాయి, వాటి కొసలు కణతకి ఆని ఉన్నాయి.

నిద్రలో చెయ్యి ఎలాగైనా పడుతుంది. తప్పు ఆమెదే, అది మారదు. ఆ పట్టీ ఊసు మాత్రం ఇక ఎవరి దగ్గరా ఎత్తను. ఎందుకని ఎవరూ అడగొద్దు.