పొగ అలారానికి చుట్టిన కవరు

ఆకురాలు కాలం సెలవులొస్తున్నాయంటే చాలు, అందరికీ తమ గోడలు గుర్తొస్తాయి. చుట్టాలు దిగేలోపు రంగులైపోవాలని కొంపలంటుకున్నట్టు ఫోన్లు. వారంలో ఐదిళ్ళు ఒప్పుకున్నాను. నాదీ ఆశే.

గోడ గీకితే లేచే దుమ్ముకు పైకప్పుకుండే పొగ అలారం ఊరికే మోగుతుంది. అందుకే మేం పెయింటర్లం దానికి ప్లాస్టిక్ కవరు చుట్టి టేపు వేస్తాం, పని కాగానే విప్పేస్తాం. కుట్టుపని చేసుకునే ఒక పెద్దమ్మ ఇంట్లో మాత్రం విప్పకుండానే నిచ్చెన భుజానేసుకుని తర్వాతి ఇంటికి పరిగెత్తాను.

మర్నాడు ఆవిడే ఫోన్ చేసింది. "నాయనా, హాల్లో పైన ఆ కవరు అలాగే ఉంది. స్టూలెక్కి తీసేయనా?"

"ఈ వయసులో స్టూలెక్కుతావా? నడుం విరగ్గొట్టుకుంటావు. నేనొచ్చి తీస్తాగా!" అని కసిరాను.

"సరేలే, అరవకు," అంది.

రోజూ రేపు వెళ్దామనుకున్నాను. వెళ్ళలేదు.

సెలవుల మొదటి రోజు మధ్యాహ్నం, సాయంత్రానికి రాబోయే మనవల కోసం పెద్దమ్మ పొయ్యి మీద నూనె పెట్టింది. కాగేలోపు కాస్త నడుం వాల్చి నిద్రలోకి జారుకుంది. నూనె అంటుకుంది. మంట వంటిల్లు దాటలేదు. పక్కింటివాళ్ళు తలుపు పగలగొట్టేసరికే పొగ ఆవిడ ప్రాణం తీసేసింది.

విచారణకొచ్చిన ఫైర్ ఆఫీసరు నన్ను పిలిపించాడు. నా నిచ్చెనే ఎక్కి, మసిబారిన కవరును కత్తితో కోశాడు. లోపల అలారం తెల్లగా, కొత్తదానిలా ఉంది. బటన్ నొక్కాడు.

చెవులు చిల్లులు పడేలా మోగింది.

"ఆపండి సార్," అన్నాను.

ఆయన వేలు తీయలేదు.